గ్రామఫోను ప్లేటు - తెలుగు పద్యం: దిగువ కృష్ణా డెల్టా గాయకులు, రికార్డు సంస్థలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు పద్యగానానికి నాటకరంగం పుట్టినిల్లు కాగా, గ్రామఫోను కంపెనీ మెట్టినిల్లు. రంగస్థలం మీద గంటల తరబడి సాగిన గానం మూడు నిమిషాల ప్లేటులోకి కుదించబడినప్పుడు దాని స్వరూపం మారింది. ఆ మార్పును దిగువ కృష్ణా డెల్టాకు చెందిన ఘంటసాల వేంకటేశ్వరరావు, సుసర్ల దక్షిణామూర్తి వంటి కళాకారుల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే కాలంలో అమెరికాలో సోల్ సంగీతాన్ని రూపొందించిన మోటౌన్, స్టాక్స్ సంస్థల చరిత్రతో పోల్చి, గొంతు ఒకరిదై మూలముద్రణ మరొకరిదైనప్పుడు వారసత్వం ఎవరికి చెందుతుందన్న ప్రశ్నను చర్చిస్తుంది.

కీలకపదాలు: గ్రామఫోను, పద్యగానం, హెచ్.ఎం.వి., ఘంటసాల, సోల్ సంగీతం, మూలముద్రణ, కాపీహక్కు.

1. ఉపోద్ఘాతం:

గుడివాడకు చుట్టుపక్కల, బందరు దాకా, అక్కడినుండి దివిసీమ దాకా విస్తరించిన ప్రాంతం తెలుగు నాటకానికి, సినిమాకు, సంగీతానికి ఇచ్చినంతమందిని అంత చిన్న నేల మరొకటి ఇచ్చిందా అన్నది సందేహమే. నందమూరి తారకరామారావు పుట్టిన నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఘంటసాల వేంకటేశ్వరరావు పుట్టిన చౌటపల్లి, సుసర్ల దక్షిణామూర్తి, వేటూరి సుందరరామమూర్తి పుట్టిన పెదకళ్ళేపల్లి, చెరుకూరి రామోజీరావు పుట్టిన పెదపారుపూడి - ఇవన్నీ ఈ పరిధిలోనివే. ఈ పేర్ల మీద జీవితచరిత్రలు, ప్రశంసావ్యాసాలు విస్తారంగా వచ్చాయి. కానీ ఈ గొంతులను ఊరూరికీ చేర్చిన వ్యాపారసంస్థ గురించి, అంటే రికార్డు కంపెనీ గురించి, సాహిత్య పరిశోధన అంతగా పట్టించుకోలేదు. కంపెనీని కేవలం వాహకంగా భావించడమే ఇందుకు కారణం కావచ్చు. అయితే రికార్డు సంస్థ పాటను మోసుకువెళ్ళి ఊరుకోదు. ఏది పాడాలి, ఎంతసేపు పాడాలి, ఎవరి పేరు అచ్చువేయాలి, చివరికి ఆ గొంతు ఎవరి ఆస్తి అన్న విషయాలను కూడా అదే నిర్ణయిస్తుంది.

2. లక్క ప్లేటులోకి పద్యం:

భారతదేశంలో వాణిజ్యపరమైన ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. లండనులోని గ్రామఫోను కంపెనీ పంపిన ఫ్రెడ్ గైస్బర్గ్ ఆ సంవత్సరం నవంబరులో గౌహర్ జాన్ తదితరుల గానాన్ని ముద్రించాడు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్లు అచ్చువేసే కర్మాగారం వచ్చింది. 1928లో డమ్‌డమ్‌లో అంతకంటే పెద్ద కర్మాగారం ఏర్పడింది. ప్లేటుకు ముడిసరుకైన లక్క మన దేశపు అడవులలోనిదే. మద్రాసులో పాడిన తెలుగు పాట మూలముద్రణగా కలకత్తాకు వెళ్ళి, లక్క ప్లేటుగా అచ్చయి, తిరిగి మద్రాసు మీదుగా బెజవాడ, గుడివాడ, బందరు దుకాణాలకు వచ్చేది. తెలుగువారి గొంతు తెలుగువారి చెవికి చేరడానికి రానుపోను ఇంత ప్రయాణం అవసరమైంది.

హెచ్.ఎం.వి. ఒక్కటే ఈ రంగంలో లేదు. కొలంబియా, ఓడియన్ వంటి గుర్తులు కూడా దక్షిణాదిలో బలంగా ఉండేవి. తరువాతి కాలంలో ఏ.వి.ఎం. సంస్థను స్థాపించిన ఏ.వి. మెయ్యప్పన్ మద్రాసులో సరస్వతీ స్టోర్స్ ద్వారా ఓడియన్ రికార్డుల వ్యాపారం చేసినవారే. అయినా పల్లెజనం నోట నిలిచినది కుక్కబొమ్మ రికార్డే. ఏ కంపెనీదైనా దాన్ని 'ప్లేటు' అనే అన్నారు.

ఈ ప్లేటు పరిమితిని గమనించాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టదు. తెలుగు పౌరాణిక నాటకం రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగేది. అందులో పద్యం కేవలం సంభాషణ కాదు. పద్యం చదవడం ముగిశాక చివరి అక్షరం మీద రాగం తీయడం, హార్మోనియం దాన్ని అందుకోవడం, ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే అదే పద్యాన్ని మళ్ళీ ఎత్తుకోవడం - ఇవన్నీ కలిసి పద్యగానం. ధార్వాడ కంపెనీ 1880 ప్రాంతంలో కోస్తాలో ప్రదర్శనలు ఇచ్చిన నాటినుండి మైలవరం కంపెనీ వైభవం దాకా ఈ పద్ధతి పెరుగుతూనే వచ్చింది. బందరు హిందూ హైస్కూలులో అధ్యాపకులుగా ఉన్న చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి కూర్చిన పాండవ నాటకాలు ఈ గానానికి కావలసినంత సరుకు అందించాయి.

లెక్క వేసి చూస్తే కంపెనీ ఎదుర్కొన్న ఇబ్బంది స్పష్టమవుతుంది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. నాలుగు పాదాలకు 80. రాగం లేకుండా, భావం చెడకుండా నెమ్మదిగా పాడితే ఒక నిమిషంలోపే పద్యం ముగుస్తుంది. అంటే ప్లేటులో ఒక వైపున మూడు, నాలుగు వృత్తాలు పట్టవచ్చు. అదే పద్యాన్ని రంగస్థల పద్ధతిలో పూర్తి రాగంతో పాడితే వైపు మొత్తం దానికే చెల్లిపోతుంది. ఎత్తుగీతితో కూడిన సీసపద్యమైతే చెప్పనవసరమే లేదు. కాబట్టి గాయకుడి ముందు రెండే దారులు. ఒకటి, పద్యాలను తగ్గించుకుని రాగాన్ని నిలుపుకోవడం. రెండవది, రాగాన్ని తగ్గించుకుని పద్యాలను నిలుపుకోవడం. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల రికార్డులు మొదటి దారిలోనివి. అవి విపరీతమైన ప్రజాదరణ పొందాయి. నాటకాలనే సెట్లుగా విడుదల చేసినప్పుడు ఈ కుదింపు మరింత కఠినమైంది. ఆరు ప్లేట్ల సెట్టు అంటే పన్నెండు వైపులు, అంటే సుమారు ముప్పై ఆరు నిమిషాలు. రాత్రంతా సాగే నాటకంలో ఏది మిగలాలో, ఏది పోవాలో నిర్ణయించిన వ్యక్తి నాటకకర్త కాదు, సమాజం యజమానీ కాదు.

1925లో విద్యుత్ ధ్వనిముద్రణ రావడం రెండవ మలుపు. అంతకుముందు గాయకుడు పెద్ద గరాటులోకి నోరు పెట్టి గట్టిగా పాడవలసి వచ్చేది. రంగస్థలం మీద చిట్టచివరి వరుసకు వినిపించేలా పాడే నటుడికి ఇది కొత్తేమీ కాదు. మైకు వచ్చాక గొంతు పెంచనవసరం లేకుండా, ఎదుటివాడికి చెప్పినట్లు పాడటం సాధ్యమైంది. పద్యంలో మెత్తదనానికి చోటు దొరికింది. ఈ చోటును తెలుగులో ఎవరికంటే బాగా వాడుకున్నవాడు చౌటపల్లి నుండి వచ్చాడు.

3. చౌటపల్లి నుండి మద్రాసుకు:

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. భజనగోష్ఠులలో తండ్రి పాటకు బాలుడు నృత్యం చేసేవాడు. చిన్నతనంలోనే తండ్రి గతించారు. తరువాత విజయనగరం వెళ్ళి, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిష్యరికం చేశారు. మధూకరం ఎత్తుకుంటూ చదువుకున్న రోజులవి. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చి, సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. ఇవన్నీ సుపరిచిత విషయాలే కాబట్టి విస్తరించనవసరం లేదు.

ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది మద్రాసులో ఆయనకు ఎదురైన వ్యవస్థ. అక్కడ కొత్త గాయకుడికి మూడు ద్వారాలు ఉండేవి: ఆకాశవాణి, సినిమా, గ్రామఫోను కంపెనీ. హెచ్.ఎం.వి.లో పనిచేస్తూ, తరువాతి కాలంలో నటుడిగా ప్రసిద్ధుడైన పేకేటి శివరాం ఘంటసాలతో తొలి ప్రైవేటు రికార్డు చేయించిన వ్యక్తిగా గుర్తుండిపోయారు. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడిన పాటకు 116 రూపాయల పారితోషికం అందిందని జీవితచరిత్రలు పేర్కొంటాయి. ఆ అంకెలో సంప్రదాయం ఉంది; నూటపదహార్లు మన సంభావన లెక్క. పురోహితుడికి, పండితుడికి ఇచ్చేదాన్నే గాయకుడికీ ఇచ్చారు. సంభావన ఒకసారి ఇచ్చేది. ప్లేటు మాత్రం ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు అమ్ముడుపోయే సరుకు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న దూరాన్ని ఆ తరం కళాకారులు ఆలస్యంగా గ్రహించారు.

పెదకళ్ళేపల్లిలో 1921లో పుట్టిన సుసర్ల దక్షిణామూర్తి చరిత్ర దీనికి మరో పార్శ్వం. ఆయన తాతగారైన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి వద్ద పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులు వద్ద మంగళంపల్లి బాలమురళీకృష్ణ శిష్యరికం చేశారు. త్యాగరాజ శిష్యపరంపర కృష్ణాతీరంలో నిలదొక్కుకున్న ఇల్లు అది. అటువంటి ఇంటి మనుమడు హెచ్.ఎం.వి.లో హార్మోనిస్టుగా పనిచేశారు. ప్లేటు మీద అంటించిన గుండ్రటి కాగితంలో గాయకుడి పేరు ఉంటుంది. పాట మొదటి మాటలు ఉంటాయి. భాష పేరు ఉంటుంది. వెనుక హార్మోనియం వాయించినవాడి పేరు, తబలా వాయించినవాడి పేరు ఉండటం అరుదు. దక్షిణామూర్తి సంగీతదర్శకుడై 'సంతానం' (1955)లో లతా మంగేష్కర్‌తో తెలుగు పాట పాడించారు గనుక చరిత్రలోకి ఎక్కారు. ఆ మెట్టు ఎక్కలేని వాద్యకారుల పేర్లు ఆ కాగితం మీద లేకపోవడంతోనే పోయాయి.

4. డెట్రాయిట్, మెంఫిస్:

ఇదే విషయాన్ని మరో ఖండం నుండి చూస్తే కొంత స్పష్టత వస్తుంది. అమెరికాలోని నల్లజాతివారి చర్చిగానం లౌకిక గీతంగా మారి, 1950ల చివరి నుండి సోల్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. సోల్ గాయకులలో పలువురు భక్తిగానం నుండి వచ్చినవారే. అరేతా ఫ్రాంక్లిన్ తండ్రి డెట్రాయిట్‌లో మతబోధకుడు. ఆయన ప్రసంగాలే రికార్డులుగా అమ్ముడుపోయేవి. తండ్రి తరంగాల వెంట నడిచిన చౌటపల్లి బాలుడిని, తండ్రి ప్రసంగాల పక్కన పాడిన డెట్రాయిట్ బాలికను ఒకచోట నిలపడం అతిశయోక్తి కాదు. ఇద్దరి గొంతుకూ మొదటి పాఠశాల భక్తసమాజమే, ఇద్దరినీ లోకానికి చేర్చినది ప్లేటే. సోల్ పాటకు కూడా 45 చుట్ల చిన్న ప్లేటు వల్ల, రేడియో అవసరాల వల్ల సుమారు మూడు నిమిషాల హద్దు ఉండేది.

మోటౌన్ సంస్థను బెరీ గోర్డీ 1959 జనవరిలో డెట్రాయిట్‌లో ప్రారంభించాడు. కుటుంబసభ్యుల పొదుపునిధి నుండి తీసుకున్న 800 డాలర్ల అప్పు దాని పెట్టుబడి. అంతకుముందు అతడు కార్ల కర్మాగారంలో పనిచేశాడు. పాటలు రాసేవారు, వాయించేవారు, గాయకుల నడవడిక దిద్దేవారు, విడుదలకు ముందు పాట మంచిచెడ్డలు తేల్చే సమావేశం - అన్నిటినీ ఒకే ఇంటి కప్పు కింద చేర్చాడు. పాటల ప్రచురణ హక్కుల కోసం సొంతంగా మరో సంస్థ పెట్టుకున్నాడు. మోటౌన్ ప్రత్యేకత అక్కడే ఉంది. పాడే సమాజానికి చెందినవాడే పాటకు యజమాని అయ్యాడు. అయితే యజమాని మనవాడైనంత మాత్రాన వాద్యకారుడికి న్యాయం జరుగుతుందని చెప్పలేము. మోటౌన్ పాటలెన్నిటికో ఊపిరి పోసిన 'ఫంక్ బ్రదర్స్' బృందం పేర్లు ప్లేట్ల మీద కనిపించడానికి 1971లో మార్విన్ గే విడుదల చేసిన ఆల్బం దాకా ఆగవలసి వచ్చింది. మద్రాసు హార్మోనిస్టు పరిస్థితికి, డెట్రాయిట్ పియానిస్టు పరిస్థితికి పెద్ద తేడా లేదు. 1988లో మోటౌన్‌ను గోర్డీ 6.1 కోట్ల డాలర్లకు అమ్మివేశాడు.

స్టాక్స్ కథ వేరు. మెంఫిస్ నగరంలో జిమ్ స్టీవర్ట్, ఎస్టెల్ ఆక్స్టన్ అనే అక్కాతమ్ముళ్ళు 1957లో మొదలుపెట్టిన చిన్న సంస్థ 1961లో వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో స్టాక్స్ అయింది. పాత సినిమాహాలును స్టూడియోగా మార్చుకున్నారు. ప్రేక్షకుల కుర్చీల కోసం వాలుగా కట్టిన నేలను అలాగే ఉంచేశారు. స్టాక్స్ పాటల్లోని గంభీరధ్వనికి ఆ హాలు కూడా ఒక కారణమని చెబుతారు. వర్ణవివక్ష చట్టబద్ధంగా ఉన్న నగరంలో నల్లవారు, తెల్లవారు కలిసి వాయించిన చోటు అది. వీరి ప్లేట్లను దేశమంతటా పంపిణీ చేసే బాధ్యత అట్లాంటిక్ అనే పెద్ద సంస్థది.

1967 డిసెంబరు 10న స్టాక్స్ ప్రధాన గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ విమానప్రమాదంలో మరణించాడు. కొద్దిరోజుల ముందు ముద్రించిన అతడి పాట 1968 జనవరిలో విడుదలై, అమెరికాలో ప్రథమస్థానానికి చేరింది. ఇంతలో అట్లాంటిక్ సంస్థ వార్నర్ చేతికి మారింది. ఒప్పందం ముగించుకోబోయిన స్టాక్స్ యజమానులకు అప్పుడు తెలిసినదేమంటే, తాము పంపిణీకి ఇచ్చిన పాటల మూలముద్రణలన్నీ ఒప్పందపత్రం ప్రకారం అట్లాంటిక్ ఆస్తి అయిపోయాయని. తాము సంతకం చేసిన కాగితాన్ని వారు సరిగా చదవలేదు. సంస్థ మళ్ళీ లేచి నిలబడి, 1972లో లాస్ ఏంజెలెస్‌లో 'వాట్‌స్టాక్స్' వంటి భారీ సంగీతోత్సవాన్ని నిర్వహించినా, 1975 చివరికి దివాలా తీసింది. ఆ సినిమాహాలును తరువాత కూల్చివేశారు. అదే స్థలంలో 2003లో స్టాక్స్ మ్యూజియం వెలిసింది. అక్కడ స్టూడియోను తిరిగి నిర్మించి, వాలు నేలను కూడా అలాగే కట్టారు.

5. పుష్పవిలాపం నుండి భగవద్గీత దాకా:

తెలుగులో గ్రామఫోను కంపెనీ మోటౌన్ కాదు. యాజమాన్యం మొదట లండనుది, తరువాత కలకత్తాది. ఇక్కడివారికి దక్కినది గాయకస్థానమే. అయినా ఆ పరిమితిలో ఘంటసాల సాధించినది సామాన్యం కాదు. ముందు చెప్పిన రెండు దారులలో రెండవదాన్ని ఆయన ఎంచుకున్నారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి 'కరుణశ్రీ' రచించిన 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' ఖండికలను ఆయన గానం చేసిన ప్లేట్లు ఇందుకు నిదర్శనం. వాటిలో రాగం పద్యం చివర వేలాడదు, పద్యం లోపలే కరిగి ఉంటుంది. పదవిభాగం చెడదు. యతిస్థానం వద్ద ఊపిరి తీసుకోవడం కంటే అర్థం ముగిసినచోట తీసుకోవడం కనిపిస్తుంది. ప్రతి అక్షరమూ వినిపిస్తుంది. రంగస్థల గాయకుడు పద్యాన్ని ప్రదర్శించాడు; ఘంటసాల పద్యాన్ని చెప్పారు. ఈ శైలికి ఆయన ప్రతిభ ఎంత కారణమో, మైకు, మూడు నిమిషాల హద్దు కూడా అంతే కారణమని అనవలసి ఉంటుంది. నాటకసమాజంలోనే స్థిరపడి ఉంటే ఈ శైలి ఆయనకు పట్టుబడేది కాదేమో.

ఈ ప్లేట్లు విన్నవారిలో గ్రామఫోను కొనగలిగినవారు కొద్దిమందే. పెళ్ళిపందిరి మైకుసెట్టు, శ్రీరామనవమి పందిరి, కాఫీ హోటలు, టూరింగు టాకీసు - ఇవి అసలైన శ్రవణస్థలాలు. ఆట మొదలుకాబోతుందనడానికి గుర్తుగా టాకీసు గుడారం మీది లౌడుస్పీకరులో ఘంటసాల 'నమో వెంకటేశా' వినిపించేది. అది వినబడితే పొలం గట్టు మీద ఉన్నవాడు అడుగు వేగం పెంచేవాడు. భక్తిగీతం గంటకొట్టే పని చేసింది. ఒక రికార్డు సమాజంలో ఏ పనికి నియోగించబడుతుందో కంపెనీ ముందుగా ఊహించలేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

లాంగ్‌ప్లే రికార్డు వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా అవకాశం ఇచ్చాక, ఘంటసాల భగవద్గీతను తలకెత్తుకున్నారు. శ్లోకం, వెంట తెలుగు తాత్పర్యం, మళ్ళీ శ్లోకం - ఇది పురాణకాలక్షేపపు పద్ధతి. మూడు నిమిషాల ప్లేటు ఈ పద్ధతికి ఎన్నడూ చోటివ్వలేదు. ఒక విధంగా కంపెనీ పద్యం నుండి తీసుకున్న కాలాన్ని లాంగ్‌ప్లే తిరిగి ఇచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. భగవద్గీత రికార్డు ఆ తరువాతే విడుదలైంది. రెడ్డింగ్ చివరి పాటకు పట్టిన గతే దీనికీ పట్టింది. పాడినవాడు వినలేని విజయం అది.

దాని తరువాతి చరిత్ర విచిత్రమైనది. ఇళ్ళలో, గుళ్ళలో ఉదయాన్నే వినిపించిన ఆ గొంతు క్రమంగా అంతిమయాత్ర వాహనాలకు, కర్మకాండల పందిళ్ళకు గుర్తు అయిపోయింది. వీధి చివర గీత వినిపిస్తే 'ఎవరు పోయారో' అని అడగడం అలవాటైంది. కర్తవ్యాన్ని బోధించే గ్రంథం మరణసూచనగా మారడం గీతకు అన్యాయమే. ఘంటసాలకూ అన్యాయమే. అయితే తెలుగువారు తమ చివరి ప్రయాణానికి పురోహితుడి గొంతు కంటే ఒక సినిమా గాయకుడి గొంతును కోరుకున్నారన్న సంగతిని తేలికగా తీసుకోకూడదు.

6. పెదపారుపూడి మలుపు:

ఘంటసాల మరణించిన 1974లోనే, ఆగస్టు 10న, విశాఖపట్నంలో 'ఈనాడు' దినపత్రిక ప్రారంభమైంది. దాని వ్యవస్థాపకుడు రామోజీరావు (1936-2024) పెదపారుపూడిలో పుట్టినవారు. పత్రికతో మొదలైన సంస్థ 1983లో ఉషాకిరణ్ మూవీస్‌గా చిత్రనిర్మాణంలోకి, 1995లో ఈటీవీగా ప్రసారరంగంలోకి విస్తరించింది. మయూరి పేరుతో చిత్రాల పంపిణీ, ఆ పేరుతోనే పాటల విడుదల కూడా సాగాయి. నిర్మాణం, పంపిణీ, ప్రచారం, ప్రసారం ఒకే చేతిలో ఉండటమన్నది గోర్డీ పద్ధతికి తెలుగునాట దగ్గరగా వచ్చిన ఉదాహరణ. చౌటపల్లి గాయకుడి కాలంలో డెల్టా గొంతును ఇచ్చింది, యాజమాన్యం బయట ఉంది. ఒక తరం గడిచేసరికి అదే డెల్టాలో పుట్టినవాడు యజమాని స్థానంలో కూర్చున్నాడు. దీన్ని సంపూర్ణమైన మార్పుగా భావించనవసరం లేదు. పాత మూలముద్రణలు పాతచోటనే ఉండిపోయాయి.

1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో 'పాడుతా తీయగా' మొదలైంది. అందులో పోటీపడిన పిల్లలు ఘంటసాల పాటను గురుముఖంగా నేర్చుకోలేదు. ప్లేటు నుండి టేపుకు, టేపు నుండి కేసెట్టుకు దిగిన పాటను సంగతి సంగతీ పట్టి నేర్చుకున్నారు. మూలంలో గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో వీరూ అక్కడే తీసుకుంటారు. తేడా వస్తే న్యాయనిర్ణేత గుర్తిస్తాడు. రంగస్థల పద్యానికి పాఠాంతరాలు ఉండేవి, నటుడికొక బాణీ. ప్లేటు వచ్చాక పాఠం ఒక్కటే అయింది.

7. మూలముద్రణ, హక్కు:

రికార్డు మీద హక్కు ఎవరిది? 1957 కాపీహక్కు చట్టం దీనికి ఇచ్చిన నిర్వచనం ఆశ్చర్యకరంగా జనవ్యవహారానికి దగ్గరగా ఉంది. రికార్డుకు మూలమైన 'ప్లేటు' తయారైన నాటికి అది ఎవరి సొంతమో ఆ వ్యక్తే ఆ రికార్డుకు కర్త అని చట్టం చెప్పింది. పాడినవాడు కర్త కాడు. గాయకుడికి ప్రదర్శకుడిగా ప్రత్యేకమైన హక్కు 1994 సవరణతో గానీ రాలేదు. సినిమా పాటల విషయంలో స్వరకర్త, గీతకర్తల హక్కులు నిర్మాతవే అవుతాయని సర్వోన్నత న్యాయస్థానం 1977లో తీర్పు చెప్పింది. గీతకర్తకు, స్వరకర్తకు, గాయకుడికి ప్రతిఫలంలో వాటా దక్కేలా చట్టం మారడానికి 2012 దాకా పట్టింది. ఘంటసాల తరానికి ఇవేవీ అందలేదు. మెంఫిస్‌లో ఒప్పందపత్రం చేసిన పనిని ఇక్కడ చట్టమే చేసింది.

కాలపరిమితి దగ్గర మరో చిక్కుంది. మన దేశంలో ధ్వనిముద్రణ మీద హక్కు, ప్రచురణ తరువాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళకు తీరిపోతుంది. ఆ లెక్కన 1964 ముగిసేలోగా వెలువడిన ప్లేట్లు ఇప్పటికే అందరివీ అయ్యాయి. 1974లో వెలువడిన భగవద్గీత 2034 చివరిదాకా గ్రామఫోను కంపెనీ వారసురాలైన సారెగామదే. కానీ సాహిత్యం మీద హక్కు కవి మరణానంతరం 60 ఏళ్ళు ఉంటుంది. కరుణశ్రీ 1992లో గతించారు గనుక పుష్పవిలాపం పద్యాల మీద హక్కు 2052 దాకా కొనసాగుతుంది. ఘంటసాల పాడిన ప్లేటు కాలం తీరిపోయి స్వేచ్ఛ పొందినా, అందులోని పద్యం పొందదు. పరిశోధకుడు ధ్వనిముద్రణను ఒక గ్రంథాలయానికి అప్పగించేముందు ఈ రెండు హక్కులను విడివిడిగా లెక్కించుకోవాలి.

చట్టం ఇచ్చే స్వేచ్ఛ వేరు, వస్తువు దొరకడం వేరు. లక్క ప్లేటు పెళుసు. ఉక్కుముల్లుతో వందలసార్లు తిప్పిన ప్లేటులో గాడి అరిగి, పద్యం బుసబుసల వెనకకు పోతుంది. అనేక నాటకసెట్లు ఈనాడు ప్రైవేటు సేకర్తల వద్ద తప్ప మరెక్కడా లేవు. వాటిలోనూ పూర్తి సెట్లు తక్కువ. వీటి కాలనిర్ణయంలో పరిశోధకులు తరచు కాగితపు లేబులు మీది అమ్మకపు సంఖ్యను ఆధారం చేసుకుంటున్నారు. అది సరైన పద్ధతి కాదు. ప్రజాదరణ ఉన్న ప్లేటును కంపెనీ ఏళ్ళ తరువాత మళ్ళీ కొత్త సంఖ్యతో, కొత్త రంగు లేబులుతో విడుదల చేయవచ్చు. లేబులుకు, చివరి గాడికి మధ్య ఉన్న నున్నటి భాగంలో చెక్కి ఉండే ముద్రిక సంఖ్య మాత్రం ఆ గానాన్ని ముద్రించిననాటిది. ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అది కనిపిస్తుంది. ప్లేటు చేతికి వచ్చినప్పుడు ముందుగా రాసుకోవలసినది ఆ సంఖ్యనే. ఒకే పద్యానికి రెండు ప్లేట్లలో రెండు వేర్వేరు ముద్రిక సంఖ్యలు కనిపిస్తే, అవి ఒకే గానానికి రెండు ప్రతులు కావు, రెండు వేర్వేరు గానాలు.